కంప్యూటర్‌లో ఫోటోలు కనిపించనప్పుడు: తరచుగా అడిగే ప్రశ్నలు

వరంగల్, హన్మకొండ, కరీంనగర్, జగిత్యాల వైపు స్టూడియోలు నడిపేవారిని, బడి వార్షికోత్సవాల ఫోటోలు భద్రపరిచే ఉపాధ్యాయులను, పిల్లల ఫోటోలన్నీ ఒకే ల్యాప్‌టాప్‌లో ఉంచుకున్న కుటుంబాలను దృష్టిలో పెట్టుకొని ఈ జవాబులు రాశాను. ఉదాహరణలు ఎక్కువగా విండోస్ కంప్యూటర్‌కు, లైట్‌రూమ్ క్లాసిక్, డిజికామ్ వంటి, ఫోటోలను సర్దే సాఫ్ట్‌వేర్‌లకు సంబంధించినవి. మిగతా సాఫ్ట్‌వేర్‌లలో మెనూల పేర్లు వేరుగా ఉన్నా, కారణాలు చాలావరకు ఇవే.

సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోంది కానీ ఫోటోల చోట బూడిదరంగు గళ్లే కనిపిస్తున్నాయి. ఫోటోలు పోయినట్టేనా?

చాలా సందర్భాల్లో పోవు. లైట్‌రూమ్, డిజికామ్ వంటి సాఫ్ట్‌వేర్‌లు ఫోటోలను తమ లోపల దాచుకోవు. ఏ ఫోటో ఏ డ్రైవ్‌లో, ఏ ఫోల్డర్‌లో, ఏ పేరుతో ఉందో ఒక డేటాబేస్‌లో రాసుకుంటాయి. మీరు ఇచ్చిన స్టార్ రేటింగులు, పెట్టిన ట్యాగులు కూడా అందులోనే నమోదవుతాయి. లైట్‌రూమ్‌లో దీన్ని క్యాటలాగ్ అంటారు. పహాణీలో సర్వే నంబరు తప్పుగా పడినంత మాత్రాన పొలం అక్కడి నుంచి కదలదు. క్యాటలాగ్‌లో చిరునామా తప్పినప్పుడు ఫోటో పరిస్థితి కూడా అంతే.

అందువల్ల మొదట సాఫ్ట్‌వేర్‌ను మూసివేసి, ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో ఆ ఫోల్డర్‌ను నేరుగా తెరిచి చూడండి. ఫైలు అక్కడే ఉండి, మరో సాఫ్ట్‌వేర్‌లో చక్కగా తెరుచుకుంటే లోపం మీ ఫోటో సాఫ్ట్‌వేర్‌ది. ఫైలు ఉన్నా ఎందులోనూ తెరుచుకోకపోతే ఆ ఫైలు రకం (ఫార్మాట్) కొత్తదై ఉండాలి, లేదా ఫైలు చెడిపోయి ఉండాలి. ఫైలు సైజు సున్నా అని చూపిస్తుంటే అందులో ఫోటో లేనట్టే లెక్క. ఫైలే అక్కడ లేకపోతే దాని పేరుతో అన్ని డ్రైవ్‌లలో వెతకాలి, రీసైకిల్ బిన్ చూడాలి, ఆ ఫోల్డర్‌ను ఎవరైనా వేరే హార్డ్ డిస్క్‌లోకి మార్చారేమో స్టూడియోలో పనిచేసే అందరినీ అడగాలి.

ఈ మూడింటిలో మీది ఏదో తేలేవరకు దేనినీ తొలగించకండి, ఫార్మాట్ చేయకండి, రీసైకిల్ బిన్ ఖాళీ చేయకండి. ముఖ్యంగా కనిపించని ఫోటోలను క్యాటలాగ్ నుంచి "రిమూవ్" చేయకండి. అలా చేస్తే, ఫోటో ఫైలు తర్వాత దొరికినా, దానిపై మీరు రాత్రింబవళ్లు చేసిన దిద్దుబాట్లు తిరిగి రాకపోవచ్చు. నాకు తెలిసినంతలో, మొదటి లోపం వల్ల జరిగే నష్టం కంటే కంగారులో నొక్కిన బటన్ల వల్ల జరిగే నష్టమే ఎక్కువ.

నిన్నటి వరకు బాగానే ఉంది. ఈరోజు పెళ్లి ఫోల్డర్ల పక్కన ప్రశ్నార్థకం గుర్తు వచ్చింది, ఫోటోలు ఎడిట్ కావడం లేదు. కారణం ఏమిటి?

స్టూడియోల నుంచి ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇదే. సాధారణంగా దీనికి కారణం డ్రైవ్ అక్షరం మారడం. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించినప్పుడు విండోస్ దానికి అప్పటికి ఖాళీగా ఉన్న అక్షరాన్ని కేటాయించవచ్చు. నిన్న మీ డిస్క్ "ఎఫ్" డ్రైవ్‌గా ఉండి, ఈరోజు దానికంటే ముందు ఒక పెన్‌డ్రైవ్ పెట్టి ఉంటే, ఆ డిస్క్ "జీ" కావచ్చు. క్యాటలాగ్ మాత్రం పాత "ఎఫ్"లోనే వెతుకుతూ ఉంటుంది.

దీనికి మేలైన పరిష్కారం సాఫ్ట్‌వేర్‌లో కాక విండోస్‌లోనే ఉంది. స్టార్ట్ బటన్‌పై రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి, మీ డిస్క్‌పై రైట్ క్లిక్ చేసి "చేంజ్ డ్రైవ్ లెటర్ అండ్ పాత్స్" ఎంచుకోండి, పాత అక్షరాన్నే తిరిగి ఇవ్వండి. లైట్‌రూమ్‌ను మళ్లీ తెరిస్తే ప్రశ్నార్థకాలు వాటంతటవే పోతాయి. అదే మెనూలో ఫార్మాట్ అనే ఎంపిక కూడా ఉంటుంది కనుక చదివి నొక్కండి. కొత్త డిస్క్ కొన్న రోజే దానికి "ఎక్స్" లేదా "వై" వంటి చివరి అక్షరం ఇచ్చి, అదే అక్షరాన్ని డిస్క్ మీద స్టిక్కర్‌పై రాసి అంటించడం మంచి అలవాటు. విండోస్ మామూలుగా ముందున్న అక్షరాలనే పంచుతుంది కాబట్టి ఈ ఇబ్బంది చాలావరకు మళ్లీ రాదు.

ఫోల్డర్ పేరును ఎవరైనా ఫైల్ ఎక్స్‌ప్లోరర్‌లో మార్చి ఉన్నా ఇదే గుర్తు వస్తుంది. వధూవరుల పేర్లలో అక్షరదోషం కనిపించి సరిచేయడం, "ఫైనల్" అని చివర చేర్చడం, సీజన్ ముగిశాక ఫోల్డర్లన్నిటినీ "2024 పెళ్లిళ్లు" అనే ఒకే ఫోల్డర్‌లోకి నెట్టడం మన స్టూడియోలలో మామూలే. అప్పుడు లైట్‌రూమ్‌లో ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి "ఫైండ్ మిస్సింగ్ ఫోల్డర్" ఎంచుకొని, ఇప్పుడు అది ఉన్న చోటును చూపిస్తే సరిపోతుంది. పై ఫోల్డర్‌ను చూపిస్తే లోపలి ఫోల్డర్లు కూడా దానితోపాటే సర్దుకుంటాయి కాబట్టి, ఒక్కొక్క ఫోటోను విడిగా వెతికి చూపించే శ్రమ అక్కరలేదు. ఇకముందు పేర్లు మార్చినా, చోటు మార్చినా ఆ పనిని సాఫ్ట్‌వేర్ లోపలి నుంచే చేయండి.

చిన్న బొమ్మలు కనిపిస్తున్నాయి, పెద్దగా తెరిస్తే రావడం లేదు. మరికొన్ని ఫోల్డర్లలో దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఎందుకిలా?

ఈ రెండూ వేర్వేరు సమస్యలు. మొదటిదాన్ని తేలికగా తీసుకోవద్దు.

వేల ఫోటోలను వేగంగా చూపడానికి ప్రతి సాఫ్ట్‌వేర్ వాటి చిన్న నకళ్లను తయారుచేసి విడిగా దాచుకుంటుంది. వీటినే థంబ్‌నెయిల్స్ అనీ, ప్రివ్యూలు అనీ అంటారు. అసలు ఫోటో ఉన్న డిస్క్‌ను తీసేసినా, చివరికి అసలు ఫైలును డిలీట్ చేసినా ఈ నకళ్లు కొంతకాలం అలాగే కనిపిస్తూ ఉంటాయి. తెరపై చిన్న బొమ్మ కనిపిస్తోంది కదా అనే ధీమాతో పాత డిస్క్‌ను ఫార్మాట్ చేస్తే ఆల్బమ్ ప్రింటుకు పనికివచ్చే ఫైలు ఎక్కడా మిగలదు. ఏ డిస్క్‌ను ఖాళీ చేయాలన్నా ముందు ఆ ఫోల్డర్‌లోని కొన్ని ఫోటోలను, వాటి కాపీ ఉంచుకున్న రెండో డిస్క్ నుంచి పూర్తి సైజులో తెరిచి, జూమ్ చేసి చూడండి. చిన్న బొమ్మలు ఉన్నాయి, అసలు ఫైలు మాత్రం ఎక్కడా దొరకడం లేదు అనే పరిస్థితిలో ఆ ప్రివ్యూల ఫోల్డర్‌ను కూడా జాగ్రత్తగా దాచి ఉంచండి. వాటి నుంచి చిన్న సైజు ఫోటోలనైనా బయటికి తీయడానికి వీలుంది.

రెండోది, అంటే తెరిస్తే ఫోటో బాగానే ఉండి చిన్న బొమ్మ మాత్రం నల్లగానో, వేరే ఫోటోదిగానో కనిపించడం, నకలు పాడవడం వల్ల వస్తుంది. డిజికామ్‌లో టూల్స్ మెనూలోని మెయింటెనెన్స్‌కు వెళ్లి థంబ్‌నెయిల్స్‌ను తిరిగి తయారుచేయించవచ్చు. లైట్‌రూమ్‌లో ఫోటోలను ఎంచుకొని లైబ్రరీ మెనూలోని ప్రివ్యూస్ నుంచి స్టాండర్డ్ ప్రివ్యూలను మళ్లీ తయారుచేయించాలి. విండోస్ ఫోల్డర్లలోనే ఈ ఇబ్బంది ఉంటే డిస్క్ క్లీనప్ తెరిచి, "థంబ్‌నెయిల్స్" ఒక్కదానికే టిక్ పెట్టి శుభ్రం చేయండి. అదే జాబితాలో రీసైకిల్ బిన్ కూడా ఉంటుంది. దానికి టిక్ లేకుండా చూసుకోండి.

ఐఫోన్‌లో తీసిన ఫోటోలు మా స్టూడియో కంప్యూటర్‌లో తెరుచుకోవడం లేదు. పెళ్లివారు పంపిన వాటిలో సగం ఇలాగే ఉన్నాయి.

ఆ ఫైళ్ల చివర "హెచ్‌ఈఐసీ" అని ఉందేమో చూడండి. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి కొత్త ఐఫోన్లు ఫోటోలను ఈ ఫార్మాట్‌లో దాచుతున్నాయి. జేపీఈజీ కంటే తక్కువ చోటులో ఇమిడిపోవడం దీని ప్రయోజనం. పాత సాఫ్ట్‌వేర్‌లకు మాత్రం దీన్ని చదవడం రాదు. విండోస్ 10లో, విండోస్ 11లో మైక్రోసాఫ్ట్ స్టోర్ నుంచి "హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్" అనే ఉచిత భాగాన్ని వేసుకోవాలి. దానితోపాటు "హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్" కూడా అవసరం. ఈ రెండోది కొన్ని కంప్యూటర్లలో ముందే ఉంటుంది, లేనిచోట కొద్దిపాటి రుసుము చెల్లించి తీసుకోవాలి.

ఫోటోలు ఇచ్చేవారి ఫోన్ మీ ముందే ఉంటే ఇంకా సులువు. ఐఫోన్ సెట్టింగ్స్‌లో ఫోటోస్ విభాగంలో "ట్రాన్స్‌ఫర్ టు మ్యాక్ ఆర్ పీసీ" దగ్గర "ఆటోమేటిక్" ఎంచుకుంటే కేబుల్ ద్వారా కంప్యూటర్‌లోకి వచ్చేటప్పుడు ఫోటోలు జేపీఈజీగా మారి వస్తాయి. ఇక ముందు తీసే ఫోటోలే జేపీఈజీగా ఉండాలంటే కెమెరా విభాగంలోని ఫార్మాట్స్‌లో "మోస్ట్ కంపాటిబుల్" ఎంచుకోవాలి. ఫైలు పేరు చివరన ఉన్న అక్షరాలను చేతితో "జేపీజీ" అని మార్చితే ఫార్మాట్ మారదు; పేరు ఒక్కటే మారుతుంది, ఆ పైన గందరగోళం పెరుగుతుంది.

కొత్త కెమెరా కొన్నాం. జేపీఈజీలు వస్తున్నాయి, రా ఫైళ్లు మాత్రం పాత లైట్‌రూమ్‌లో కనిపించడం లేదు.

రా ఫైలు అంటే కెమెరా సెన్సర్‌కు అందినదాన్ని జేపీఈజీగా మార్చకుండా యథాతథంగా దాచే ఫైలు. ఇది ప్రతి కంపెనీకి వేరు. కానన్‌ది సీఆర్2 లేదా సీఆర్3, నికాన్‌ది ఎన్‌ఈఎఫ్, సోనీది ఏఆర్‌డబ్ల్యూ. చివరి అక్షరాలు పాతవే అయినా, కొత్త కెమెరా మోడల్ వచ్చినప్పుడల్లా దాని ఫైలును చదవడం సాఫ్ట్‌వేర్ కొత్తగా నేర్చుకోవాలి. ఒకేసారి డబ్బు కట్టి కొనుక్కున్న లైట్‌రూమ్ 6కు 2017తోనే అటువంటి నవీకరణలు ఆగిపోయాయి. కానన్ సీఆర్3 ఫార్మాట్ 2018లో ఈఓఎస్ ఎం50 కెమెరాతో వచ్చింది. కనుక లైట్‌రూమ్ 6లో సీఆర్3 తెరుచుకోకపోవడం మీ కంప్యూటర్ లోపం కాదు, కార్డు లోపమూ కాదు.

కొత్త సాఫ్ట్‌వేర్ కొనడం ఇప్పట్లో వీలుకాకపోతే అడోబీ సంస్థ ఉచితంగా ఇచ్చే డీఎన్‌జీ కన్వర్టర్‌తో ఆ ఫైళ్లను డీఎన్‌జీ అనే అడోబీ రా ఫార్మాట్‌లోకి మార్చి పాత లైట్‌రూమ్‌లోనే పని చేసుకోవచ్చు. మార్చిన తరువాత కూడా అసలు రా ఫైళ్లను, కనీసం ఆల్బమ్ అప్పగించేదాకా, ఉంచండి.

మేము ఇంకా పికాసానే వాడుతున్నాం. కొన్ని ఫోటోలు అందులో రావడం లేదు.

గూగుల్ 2016లోనే పికాసాను నిలిపివేసింది. అప్పటి నుంచి దానికి ఒక్క నవీకరణ కూడా రాలేదు కాబట్టి, ఆ తరువాత వచ్చిన ఫార్మాట్లు, కొత్త కెమెరాల రా ఫైళ్లు అందులో తెరుచుకోవు. తేలికగా, వేగంగా నడుస్తుంది గనుక మన వైపు చాలామంది దాన్ని వదలలేకపోతున్నారు, ఆ కారణం నాకు అర్థమవుతుంది. అయినా కొత్త ఫోటోల కోసం డిజికామ్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌కు మారమనే చెబుతాను. మారేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం: పికాసాలో చేసిన దిద్దుబాట్లు ప్రతి ఫోల్డర్‌లో ఉండే "పికాసా.ఐఎన్‌ఐ" అనే దాచిన ఫైలులో ఉంటాయి, కొన్ని అసలు ఫోటోలు "పికాసా ఒరిజినల్స్" అనే దాచిన ఫోల్డర్‌లో ఉంటాయి. మారకముందే పికాసాలో "సేవ్" నొక్కి దిద్దుబాట్లను ఫోటోలలోకి ఎక్కించండి, దాచిన ఫైళ్లను కూడా కలిపి కాపీ చేయండి.

ఫోల్డర్‌కు తెలుగులో పేరు పెడితే ఫోటోలు తెరుచుకోకపోవడం నిజమేనా?

నేటి సాఫ్ట్‌వేర్‌లలో యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) తెలుగు పేర్లకు ఏ ఇబ్బందీ లేదు. "సద్దుల బతుకమ్మ, పద్మాక్షి గుట్ట" అని నిశ్చింతగా పేరు పెట్టుకోవచ్చు. యూనికోడ్ రాకముందు పద్ధతిలో తయారైన పాత ఆల్బమ్ డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌లు, ప్లగిన్‌లు మాత్రం అటువంటి పేర్లను వరుస ప్రశ్నార్థకాలుగా చదివి ఫైలు లేదంటాయి. ఒకే ఫోటోను పేరు మార్చకుండా ఇంగ్లిష్ పేరున్న ఫోల్డర్‌లోకి కాపీ చేసి తెరవండి. తెరుచుకుంటే కారణం అదే. అను ఫాంట్లలో టైపు చేసిన అక్షరాలను ఫైలు పేరుగా అతికించడం మరో చిక్కు. ఆ అక్షరాలు ఆ ఫాంట్ ఉన్నప్పుడే తెలుగుగా కనిపిస్తాయి, ఫోల్డర్ పేరులో అర్థంలేని గుర్తులుగా మిగిలిపోతాయి.

పేరు పొడవు కూడా చూడండి. డ్రైవ్ అక్షరం నుంచి ఫైలు చివరి వరకు మొత్తం దారి 260 అక్షరాలు దాటితే విండోస్‌లో చాలా సాఫ్ట్‌వేర్‌లు దాన్ని తెరవలేవు. ఊరి పేరు, ఇంటి పేర్లు, తేదీ, ముహూర్తం అన్నీ ఫోల్డర్ లోపల ఫోల్డర్‌గా రాసుకుంటూ పోతే ఈ హద్దు అనుకున్నదానికంటే త్వరగా వస్తుంది.

ఫోటో పైసగం బాగుంది, కిందిసగం బూడిదరంగులో ఉంది. లేదా అడ్డంగా రంగు గీతలు వస్తున్నాయి. బాగుచేయవచ్చా?

ఇక్కడ లోపం ఫైలులోనే ఉంది, సాఫ్ట్‌వేర్‌ను ఎన్నిసార్లు తీసేసి మళ్లీ వేసినా ప్రయోజనం ఉండదు. కాపీ మధ్యలో ఆగిపోవడం, కాపీ పూర్తికాకముందే కార్డును లాగేయడం, కరెంటు పోవడం, కార్డు రీడర్ వదులుగా ఉండడం, కార్డే అరిగిపోవడం దీనికి కారణాలు. మేడారం జాతర నాలుగు రోజుల్లో, ముఖ్యంగా సమ్మక్క గద్దెకు వచ్చే రాత్రి, కార్డు నిండగానే తీసి ల్యాప్‌టాప్‌కు పెట్టి, సగం కాపీ అవుతుండగానే ఖాళీ చేసి మళ్లీ కెమెరాలో పెట్టాల్సిన తొందర ఫోటోగ్రాఫర్లకు ఎదురవుతుంది. అటువంటి పనికి ఖాళీ కార్డులు ఎక్కువగా వెంట తీసుకెళ్లడం తప్ప వేరే నమ్మకమైన మార్గం లేదు. కాపీ చేసిన ఫోటోలను ఇంట్లో కూర్చుని తెరిచి చూసేవరకు కార్డును ఫార్మాట్ చేయకూడదు.

ఇప్పుడు చేయవలసింది: ఆ ఫోటో కార్డులో ఇంకా ఉంటే, వేరే రీడర్‌తో, వీలైతే వేరే కంప్యూటర్‌లో, మళ్లీ కాపీ చేయండి. రీడర్ మారడంతోనే ఎన్నో ఫోటోలు బాగా వస్తాయి. కార్డులో డిలీట్ అయి ఉంటే ఆ కార్డుతో మరొక్క ఫోటో కూడా తీయకండి. డిలీట్ చేసినప్పుడు కార్డులో ఆ చోటు ఖాళీ అని గుర్తు మాత్రమే పడుతుంది, కొత్త ఫోటో వచ్చి కూర్చునేవరకు పాతది అక్కడే ఉంటుంది. ఫోటోరెక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇటువంటి ఫోటోలను వెతికి తీస్తుంది. దొరికినవాటిని అదే కార్డులోకి కాక, కంప్యూటర్ హార్డ్ డిస్క్‌లోకి దింపాలి. పేర్లు, ఫోల్డర్లు పోయి వరుస సంఖ్యలతో వస్తాయి, దానికి సిద్ధపడండి.

రా, జేపీఈజీ రెండూ కలిపి తీసే అలవాటు ఉన్నవారికి ఇక్కడ మరో ఆశ ఉంది. రా చెడినా జేపీఈజీ బాగుండవచ్చు. రా ఒక్కటే తీసినా, దాని లోపల కెమెరా దాచిన జేపీఈజీ నకలు ఒకటి ఉంటుంది, కొన్నిసార్లు దాన్ని బయటికి తీయవచ్చు.

కార్డు పెట్టగానే "ఫార్మాట్ చేయాలి" అని కంప్యూటర్ అడుగుతోంది. కెమెరాలో మాత్రం ఫోటోలు కనిపిస్తున్నాయి.

ఫార్మాట్ చేయకండి. 32 జీబీ కంటే పెద్ద కార్డులు ఎస్‌డీఎక్స్‌సీ రకానికి చెందినవి. పాత రీడర్లు వీటిని చదవలేకపోవచ్చు. కొత్త రీడర్ కొనండి, లేదా కెమెరానే కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి. కొద్ది ఫోటోలు బాగుండి, ఒక దశ దాటాక తీసినవన్నీ చెడిపోతుంటే అది నకిలీ కార్డు కావచ్చు: పైన 128 జీబీ అని రాసి ఉన్నా లోపల అంత చోటు ఉండదు. హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో, ముందుగా ఫోటోలన్నీ వేరేచోటికి మార్చుకొని, కొత్త కార్డును పరీక్షించుకోండి.

ఎడిట్ చేసే తెర మాత్రమే నల్లగా ఉంటోంది.

గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌తో (ఆ కార్డును నడిపే సాఫ్ట్‌వేర్‌తో) పొసగకపోవడం దీనికి ఎక్కువగా కారణం. లైట్‌రూమ్ ప్రిఫరెన్సెస్‌లో పెర్ఫార్మెన్స్ కింద గ్రాఫిక్స్ ప్రాసెసర్ వాడకాన్ని ఆపి చూడండి. ఫోటో కనిపిస్తే, గ్రాఫిక్స్ డ్రైవర్‌ను దాన్ని తయారుచేసిన కంపెనీ వెబ్‌సైట్ నుంచి నవీకరించి మళ్లీ ఆన్ చేయండి. పాత విండోస్ ఫోటో వ్యూయర్ "మెమరీ సరిపోవడం లేదు" అని చెప్పి ఫోటో చూపకపోతే కొత్త ర్యామ్ కొనే ముందు మానిటర్ కలర్ ప్రొఫైల్‌ను (తెర రంగులను నిర్ణయించే ఫైలును) తొలగించి చూడండి. ఆ సందేశం తరచూ ఆ ప్రొఫైల్ వల్లే వస్తుంది.

ఫోల్డర్‌లో ఫైళ్లు ఉన్నాయి, పక్కన మేఘం గుర్తు ఉంది. ఊళ్లో ఉన్నప్పుడు తెరుచుకోవడం లేదు.

ఫైళ్లను ఇంటర్నెట్‌లో దాచే మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్, చోటు మిగల్చడానికి ఫైలును ఇంటర్నెట్‌లోకి పంపి, మీ కంప్యూటర్‌లో పేరును మాత్రమే ఉంచింది. సిగ్నల్ ఉన్నచోట ఆ ఫోల్డర్‌పై రైట్ క్లిక్ చేసి "ఆల్వేస్ కీప్ ఆన్ దిస్ డివైస్" ఎంచుకొని పూర్తిగా దిగేవరకు ఆగండి. ములుగు, ఏటూరునాగారం వైపు షూటింగ్‌కు బయలుదేరే ముందు రోజే ఈ పని చేసుకోవడం మంచిది.

కార్డులోని ఫోటోలు ఇంపోర్ట్ అయ్యాయని చూపించింది, కానీ ఎక్కడా కనిపించడం లేదు.

ముందుగా ఫిల్టర్ చూడండి. ఐదు స్టార్ల ఫోటోలు మాత్రమే చూపమని ఎప్పుడో పెట్టిన ఫిల్టర్ అలాగే ఉంటే, కొత్త ఫోటోలకు స్టార్లు ఉండవు కాబట్టి అన్నీ దాగిపోతాయి. తరువాత తేదీ చూడండి. కెమెరా బ్యాటరీని చాలాకాలం తీసి ఉంచితే గడియారం మొదటికి వెళ్లిపోతుంది. తేదీల వారీగా సర్దే సాఫ్ట్‌వేర్ ఆ ఫోటోలను ఎన్నో ఏళ్ల వెనకటి ఫోల్డర్‌లో పెడుతుంది. జాబితాను ఒకసారి చిట్టచివరి వరకు జరిపి చూడండి.

కరెంటు పోయి వచ్చాక క్యాటలాగే తెరుచుకోవడం లేదు.

క్యాటలాగ్ ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా వేరేచోటికి కాపీ చేసిన తరువాతే ఏ ప్రయత్నమైనా మొదలుపెట్టండి. అక్కడ పేరు చివర "లాక్" అని ఉన్న ఫైలు మిగిలిపోయి ఉంటే, లైట్‌రూమ్ పూర్తిగా మూసి ఉందని చూసుకొని దాన్ని తీసేయవచ్చు. "జర్నల్" అని ఉన్న ఫైలును మాత్రం తీయకండి. కరెంటు పోయినప్పుడు సగంలో ఆగిన పనిని సరిచేసుకోవడానికి క్యాటలాగ్‌కు అదే ఆధారం. అప్పటికీ తెరుచుకోకపోతే బ్యాకప్స్ ఫోల్డర్‌లోని చివరి నకలును వాడండి. వేసవి గాలిదుమారాలకు గంటకోసారి కరెంటు పోయే చోట డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు యూపీఎస్ తప్పనిసరి అని నా అభిప్రాయం.

వరదలో హార్డ్ డిస్క్ తడిసింది. ఆరబెట్టి చూడవచ్చా?

2023 జులై వానలకు వరంగల్ కాలనీలు, మోరంచపల్లి మునిగినప్పుడు ఎన్నో ఇళ్లలో ఆల్బమ్‌లతోపాటు కంప్యూటర్లు కూడా నీళ్లలో నానాయి. తడిసిన డిస్క్‌కు కరెంటు ఇవ్వకండి, ఎండలో పెట్టకండి, బియ్యంలో పెట్టకండి, విప్పకండి. బురద నీరు ఆరితే లోపల మట్టి పొర మిగులుతుంది, ఆ స్థితిలో డిస్క్ తిరిగితే ఫోటోలున్న పళ్లెం గీసుకుపోతుంది. ఒక ప్లాస్టిక్ సంచిలో ఉంచి, డేటా రికవరీ చేసేవారి దగ్గరికి త్వరగా తీసుకెళ్లండి. మెమరీ కార్డు తడిసినట్టయితే అంత భయం లేదు. మంచినీటితో మెల్లగా కడిగి, నీడలో పూర్తిగా ఆరిన తరువాత ప్రయత్నించవచ్చు.

రికవరీ దుకాణానికి ఇచ్చేటప్పుడు ఏమేమి అడగాలి?

డిస్క్ మీద నేరుగా పని చేస్తారా, లేక ముందు దాని పూర్తి నకలు తీసి ఆ నకలుపై పని చేస్తారా అని అడగండి. రెండోదే సరైన పద్ధతి. డిస్క్ ఎప్పుడు, ఏం చేస్తుండగా ఆగిందో, ఆ తరువాత మీరు ఏమేమి నొక్కారో దాచకుండా చెప్పండి. డిస్క్ మీది సీరియల్ నంబరును ఫోటో తీసి పెట్టుకోండి. ఇతరుల ఇంటి శుభకార్యాల ఫోటోలు అందులో ఉంటే, పని ముగిశాక దుకాణం దగ్గర మిగిలిన నకళ్లను తుడిచేయాలని రసీదు మీద రాయించుకోండి. దొరికిన ఫోటోలను మీరు తీసుకెళ్లిన కొత్త డిస్క్‌లోకే ఎక్కించమనండి. వేర్వేరు ఫోల్డర్ల నుంచి కొన్నింటిని అక్కడే పూర్తి సైజులో తెరిచి చూసుకున్న తరువాతే డబ్బులివ్వండి.